స్మార్ట్ హోమ్ పెట్టించాలా, మామూలు స్విచ్చులతో సరిపెట్టుకోవాలా? గోడలు మూసేలోపు చెప్పండి

ఇటుకమీదఇటుక – ఆదివారం, ఉదయం 9:14

అందరికీ నమస్తే. పాత ఇల్లు బాగు చేయిస్తున్నాం. గోడలు కొట్టి పైపులు పరిచారు, ఇంకో పది రోజుల్లో ప్లాస్టరింగ్. ఈలోపు ఒకాయన వచ్చి ఇల్లంతా స్మార్ట్ చేసేస్తానని కొటేషన్ ఇచ్చాడు. 38 లైట్ పాయింట్లు, 6 ఫ్యాన్లు, రెండు గదులకి కర్టెన్ మోటార్లు, ముందు తలుపుకి తాళం, నాలుగు కెమెరాలు, అన్నిటికీ కలిపి ఒక యాప్. ఆయన అడిగింది మా ఇంటి మొత్తం వైరింగ్ ఖర్చుకి దాదాపు రెట్టింపు. ఆ డెమో చూసొచ్చిన దగ్గర్నుంచి మా ఆయన నేల మీద లేరు. నాకేమో లేచి వెళ్లి స్విచ్ వేయడం తప్పించుకోవడానికి ఇంత ఖర్చా అని. వాడుతున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. అమ్మేవాళ్లు మాత్రం దయచేసి నాకు మెసేజ్‌లు పెట్టకండి.

గోడస్విచ్చేచాలు – ఉదయం 9:31

వద్దు. నాలుగేళ్లు వాడి పీకి పారేసినవాణ్ణి చెబుతున్నా. మా ఇంట్లో లైటు వేయాలంటే ఫోను వెతకాలి, చీకట్లో ఫోను వెతకాలంటే లైటు వేయాలి.

సర్వర్‌గదిలోఉన్నా – ఉదయం 9:50

అన్నా, మీరు పెట్టింది స్మార్ట్ బల్బులు కదా? ఇంట్లో ఎవరో అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తారు, బల్బుకి కరెంటు పోతుంది, ఇక యాప్ ఎంత మొత్తుకున్నా అది పలకదు. అందరూ మొదట చేసే తప్పు ఇదే, నేనూ చేశాను. తెలివి బల్బులో కాదు, స్విచ్ వెనకాల ఉండాలి. మామూలు స్విచ్ అలాగే ఉంచి, దాని వెనక బాక్సులో చిన్న రిలే మాడ్యూల్ (ఫోన్ మాట విని కరెంటు కలిపి, తెంపే చిన్న డబ్బీ) పెట్టిస్తే చేత్తో నొక్కినా వెలుగుతుంది, ఫోన్‌తో చెప్పినా వెలుగుతుంది. ఇంట్లో ఎవరికీ ఏదీ కొత్తగా నేర్పక్కర్లేదు.

గోడస్విచ్చేచాలు – ఉదయం 9:58

బల్బులే. ఈ ముక్క నాకు అమ్మినవాడు చెప్పుంటే బాగుండేది. నాలుగేళ్లు మా అమ్మని తిట్టాను స్విచ్ ముట్టుకోవద్దని, స్విచ్ మీద టేపు కూడా అంటించాను. తల్చుకుంటే సిగ్గేస్తుంది.

వైర్లమనిషి – ఉదయం 11:20

నా పనే ఇది, కానీ నేను సరుకు అమ్మను, వైరింగ్ మాత్రమే చేస్తాను. మేడమ్, మీ పోస్టులో అర్జెంటు విషయం ఒక్కటే ఉంది, "గోడలు మూసేలోపు" అన్న మాట. ఏ కంపెనీ, ఏ యాప్, కెమెరాలు ఎన్ని అన్నది ఏడాది తర్వాత తేల్చుకున్నా నష్టం లేదు. గోడలో ఉండాల్సింది మాత్రం ఇప్పుడు లేకపోతే మళ్లీ గోడ కొట్టాల్సిందే.

పాత ఇళ్లలో స్విచ్ బాక్సు దాకా ఫేజ్ వైరు, అంటే కరెంటు తెచ్చేది, మాత్రమే వస్తుంది; న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, నేరుగా లైటుకి పోతుంది. మామూలు స్విచ్‌కి న్యూట్రల్‌తో పని లేదు కాబట్టి అప్పట్లో ఎవరూ వేయలేదు, వాళ్ల తప్పేం లేదు. స్మార్ట్ మాడ్యూల్ మాత్రం లైటు ఆరిపోయి ఉన్నప్పుడు కూడా తాను బతికి ఉండాలి, దానికి కరెంటు కావాలి, అంటే న్యూట్రల్ కావాలి. ప్రతి స్విచ్ బాక్సుకీ ఒక న్యూట్రల్ లాగించండి. మీరు రేపు స్మార్ట్ పెట్టకపోయినా ఆ వైరు మూల పడి ఉంటుంది, అన్నం అడగదు. రెండోది, బాక్సులు లోతైనవి వేయించండి. స్విచ్ వెనక మాడ్యూల్ కుక్కి, వైర్లు మడిచి బలవంతంగా ప్లేటు బిగించిన పనులు చాలా చూశాను, వేడెక్కేది అక్కడే. కర్టెన్ల దగ్గర కిటికీ పైన ఒక పవర్ పాయింట్, కెమెరా అనుకున్న చోటికి, ముఖ్యంగా వైఫై రౌటర్ పెట్టే చోటికి, ఖాళీ పైపు. పైపులో ఇప్పుడే ఏమీ లాగక్కర్లేదు, ఒక తాడు వేసి వదిలేయండి.

ఇంకోటి. ఫ్యాన్ల విషయంలో ఆ కొటేషన్ ఇచ్చినాయన్ని గట్టిగా అడగండి. లైట్లకి వాడే డిమ్మర్‌ని (వెలుగు తగ్గించే, పెంచేదాన్ని) ఫ్యాన్‌కి పెడితే మోటారు మూలుగుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. ఫ్యాన్‌కి ఫ్యాన్ కోసం చేసిన కంట్రోలరే కావాలి. అలాగే నీళ్ల హీటరు, ఏసీ లాంటివి చిన్న స్మార్ట్ ప్లగ్‌లకి తగిలించకండి. 10 ఆంపియర్లు అని రాసున్న ప్లగ్‌కి 2000 వాట్ల హీటర్ తగిలిస్తే లెక్క ప్రకారం సరిపోతుంది, కానీ గంటల తరబడి ఆ లోడు మోస్తూ ఉంటే లోపలి రిలే ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? కరిగిపోయిన ప్లగ్‌లు నా సంచీలో మూడున్నాయి, చూపించడానికని దాచాను.

ఇటుకమీదఇటుక – ఉదయం 11:41

చాలా థ్యాంక్స్ అండి. కానీ ఆ కొటేషన్ ఇచ్చినాయన న్యూట్రల్ అక్కర్లేని స్విచ్‌లు కూడా ఉన్నాయి, అవే వేస్తాను, వైరింగ్ ఏమీ మార్చక్కర్లేదు అన్నాడు మరి?

వైర్లమనిషి – ఉదయం 11:52

ఉన్నాయి. అవి బతకడానికి కావాల్సిన కొద్దిపాటి కరెంటుని లైటులోంచే లాక్కుంటాయి. పాత ఫిలమెంట్ బల్బుకి ఆ కొద్దిపాటిది ఒక లెక్కలోకి రాదు, ఎల్ఈడీకి వస్తుంది. కొన్ని ఎల్ఈడీలు ఆపేసినా మిణుగురులా మెరుస్తూ ఉంటాయి, కొన్ని టపటపా కొట్టుకుంటాయి. దానికి ఇంకో కెపాసిటర్ కొని లైటు దగ్గర పెట్టాలి. గోడలు కొట్టలేనివాళ్లకి అది దారి. మీ గోడలు తెరిచే ఉన్నాయి కదా, ఆ తంటా ఎందుకు?

పాతరేడియో – మధ్యాహ్నం 1:05

అమ్మా, నేను రిటైరైన ఇంజనీరుని. ఈ పిచ్చి కొత్తదేం కాదు. 1975లోనే స్కాట్లాండ్‌లో ఎక్స్-10 అని ఒకటి చేశారు, ఇంట్లో కరెంటు వైర్ల మీదుగానే సిగ్నల్ పంపి లైట్లు వేసేది, ఆర్పేది. అప్పుడు ఇంటర్నెట్టూ లేదు, సర్వరూ (కంపెనీవాళ్ల దగ్గరుండి నడిపించే కంప్యూటర్) లేదు. చిక్కులు దానికీ ఉన్నాయి, కానీ ఎక్కడో ఎవరో మీట నొక్కి మీ ఇంటి లైట్లని చంపడం మాత్రం కుదిరేది కాదు. ఇప్పుడు కుదురుతుంది, జరిగింది కూడా. రివాల్వ్ అని ఒక హబ్, అంటే ఇంట్లోని స్మార్ట్ సామాన్లన్నిటినీ కలిపే డబ్బా, ఉండేది, 2014లో దాన్ని గూగుల్‌వాళ్ల నెస్ట్ కొనేసింది, 2016 మే నెలలో సర్వర్ ఆపేసింది. జనం డబ్బు పెట్టి కొన్న డబ్బా ఆ రోజు నుంచి డబ్బాయే. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందుగా ఒక్క మాట చెప్పకుండా ఆగిపోయాయి. కొన్నాళ్లకి దాని వాడకందార్లే కొందరు కలిసి ఆ వ్యాపారాన్ని కొనుక్కుని మళ్లీ నడిపించారు, అది వేరే కథ. ఏనుగుని కొన్నాక అంకుశం ఇంకొకడి చేతిలో ఉంటే ఏం లాభం?

కరెంటు ఆదా అన్న మాట కూడా ఆ డెమోలో చెప్పే ఉంటారు, అందుకని ఒక లెక్క. వైఫై మాడ్యూల్ ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవడానికే అర వాటు తింటుందనుకుందాం. రోజంతా, ఏడాదంతా అంటే 4.4 యూనిట్లు. 9 వాట్ల ఎల్ఈడీని రోజుకి గంట వాడితే ఏడాదికి అయ్యేది 3.3 యూనిట్లు. అంటే స్టోర్‌రూమ్ లాంటి చోట లైటు కన్నా దాన్ని కనిపెట్టుకున్న కాపలావాడే ఎక్కువ తింటాడన్నమాట. ఒక్కో పాయింటుకి ఒక్కో మాడ్యూల్ చొప్పున మీ 38కీ పెడితే ఏడాదికి 166 యూనిట్లు ఎదురుచూపులకే పోతాయి. లైట్ల దగ్గర ఆదా అనేది ఎల్ఈడీకి మారిన రోజే అయిపోయింది.

సర్వర్‌గదిలోఉన్నా – మధ్యాహ్నం 1:30

సార్, లెక్క కరెక్టే, కాదనను. కానీ ఒక్కో మాడ్యూల్ రెండు మూడు పాయింట్లు చూసుకునేవి ఉన్నాయి, జిగ్బీ (వైఫై లాంటిదే, ఇంకో రకం వైర్‌లెస్) లాంటివైతే వైఫై కన్నా తక్కువ తింటాయి. పైగా ఇదే లెక్క ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. 2000 వాట్ల హీటర్ ఎవరైనా రెండు గంటలు మర్చిపోతే 4 యూనిట్లు, అంటే ఒక మాడ్యూల్ ఏడాది తిండికి కాస్త తక్కువ. మా ఇంట్లో మర్చిపోయేది నేనే, నెలకి మూడుసార్లు. హీటర్, ఏసీ, గది వేడి చేసేవి, వీటి దగ్గర ఆటోమేటిక్‌గా ఆగిపోవడం నిజంగా లెక్కకి వస్తుంది, లైట్ల దగ్గర రాదు. అమ్మేవాళ్లు మాత్రం లైట్లే చూపిస్తారు, ఎందుకంటే డెమోలో రంగులు మారేవి అవే.

సర్వర్ సంగతికి విరుగుడు ఉంది. హోమ్ అసిస్టెంట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్, 2013 నుంచీ ఉంది, ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్‌లో నడుస్తుంది. బయట ఇంటర్నెట్ తెగిపోయినా లోపల పని సాగిపోతుంది. 2021 డిసెంబర్ 7న అమెజాన్ క్లౌడ్, అంటే చాలా కంపెనీలు అద్దెకి వాడుకునే దాని సర్వర్లు, పడిపోయి జనాల డోర్‌బెల్ కెమెరాలు, ఊడ్చే రోబోలు నిలిచిపోయిన రోజున మా ఇంట్లో ఏమీ తేడా తెలియలేదు. 2025 అక్టోబర్‌లో మళ్లీ పడింది, ఈసారి కొందరి మంచాలు మొరాయించాయి. అవును, మంచాలే, ఇంటర్నెట్‌తో చల్లబడే, వేడెక్కే మంచాలు. 😄

రాత్రిడ్యూటీ – మధ్యాహ్నం 2:12

తాళం గురించి నేను చెబుతా. షిఫ్టు అయ్యి తెల్లవారుజామున 4కి ఇంటికొచ్చాను, నంబర్ నొక్కితే తాళంలో ఒక ఎర్ర లైటు వెలిగి ఆరిపోయింది, అంతే, చడీచప్పుడు లేదు. ముందు రోజు యాప్‌లో చూస్తే బ్యాటరీ 60 శాతం అని ఉంది! లోపల మా ఆవిడ ఫోను సైలెంట్‌లో పెట్టుకుని పడుకుంది. గంటంపావు మెట్ల మీద కూర్చున్నా, పాలు తెచ్చినవాడు చూసి ఏం సార్ గొడవైందా అన్నాడు, ఏం చెప్పను? తర్వాత కంపెనీకి ఫోన్ చేస్తే తేలిందేమిటంటే నేను రీఛార్జబుల్ సెల్స్ వేశాను. మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులతో మొదలై మెల్లగా దిగుతుంది, తాళం ఆ దిగుడు చూసి శాతం లెక్కేస్తుంది. రీఛార్జబుల్‌ది 1.2 దగ్గర నిలబడి నిలబడి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది, ఆ శాతం అబద్ధం చెబుతుంది. మాన్యువల్‌లో ఉందట, 31వ పేజీలో. చదివేదెవరు.

తాళం తీసేయలేదు. కానీ మామూలు తాళంచెవి పెట్టే కన్నం కూడా ఉన్న మోడల్‌కి మారాను, తాళంచెవి బ్యాగులో ఉంటుంది.

గోడస్విచ్చేచాలు – మధ్యాహ్నం 2:20

అంటే డబ్బులు పోసి స్మార్ట్ తాళం కొని మళ్లీ తాళంచెవి మోస్తున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! నేను మొదట చెప్పింది ఇదే. రెండు కాళ్లూ రెండు చేతులూ ఉన్నవాళ్లకి ఇదంతా సోమరితనానికి పెట్టిన ఖరీదైన పేరు.

కిటికీపక్కన – మధ్యాహ్నం 3:47

రాయాలా వద్దా అని అరగంట నుంచి ఆలోచిస్తున్నా. రెండు కాళ్లూ పనిచేయనివాళ్లు కూడా ఈ చర్చ చదువుతుంటారు అండి.

ఆరేళ్ల క్రితం యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతింది. నడుము కింద ఏమీ లేదు, చేతులు ఆడతాయి కానీ వేళ్లలో పట్టు లేదు. మొదటి రెండేళ్లు రాత్రి పడుకున్నాక లైటు ఆర్పాలంటే ఎవరినో ఒకరిని పిలవాలి. ఫ్యాన్ ఎక్కువైతే పిలవాలి, తక్కువైతే పిలవాలి. వాళ్లు ఏనాడూ విసుక్కోలేదు. అదే ఇంకా కష్టంగా ఉండేది. చలేస్తున్నా పిలవకుండా పడుకున్న రాత్రులు చాలా ఉన్నాయి. తర్వాత మా తమ్ముడు నా ఒక్క గదికి మాత్రం నోటితో చెబితే పనిచేసేట్టు లైటు, ఫ్యాన్, కర్టెన్, తలుపు పెట్టించాడు. మొదటి రాత్రి నేను ఊరికే లైటు వేసి ఆర్పి, వేసి ఆర్పి, పదిహేను సార్లు చేసి ఉంటాను. పక్క గదిలోంచి అమ్మ, పాడైపోతుందేమోరా అని అరిచింది.

ఇబ్బందులు నాకూ ఉన్నాయి. జలుబు చేస్తే నా గొంతు దానికి అర్థం కాదు. నెట్ పోతే మూగదైపోతుంది, అందుకని మంచం పక్కనే అరచేత్తో తట్టితే పనిచేసే పెద్ద బటన్ ఒకటి ఉంది, అది నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఖర్చుకి తగ్గ విలువ ఉందా అని అడిగితే, 38 పాయింట్లకి ఏమోగానీ నా నాలుగు పాయింట్లకి ఉంది.

గోడస్విచ్చేచాలు – సాయంత్రం 4:05

క్షమించండి. ఆలోచించకుండా వాగాను. ఆ ముక్క తీసేద్దామనుకున్నా, కానీ తీసేస్తే మీ సమాధానం అర్థం కాదు, కాబట్టి ఉంచేస్తున్నా, తిట్టేవాళ్లు తిట్టండి.

అద్దెగదిలోనేను – సాయంత్రం 5:30

అద్దె ఇళ్లలో ఉండేదాన్ని కాబట్టి గోడ ముట్టుకునే ప్రశ్నే లేదు. నాలుగేళ్లలో కొన్నవాటిలో నిజంగా డబ్బు తిరిగిచ్చింది ఒక్కటే, నీళ్లు కారితే అరిచే సెన్సర్. వాషింగ్ మెషీన్ కింద నేల మీద పడేసి ఉంచా. అరచేతిలో సగం ఉంటుంది. ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది, కింద ఉన్న ఓనర్‌కి ఫోన్ చేస్తే వెళ్లి ట్యాప్ కట్టేశారు, పైపు ఊడిపోయిందట. కింద వాళ్ల సీలింగ్ తడిసుంటే ఆ బిల్లు నేనే కట్టాల్సి వచ్చేది. దీని గురించి ఏ డెమోలోనూ చూపించరు, రంగులు మారదు కదా.

డబ్బు దండగ అయ్యిందేంటంటే బాత్రూమ్ లైటుకి కదలిక సెన్సర్. అది చూసేది వేడిగా ఉన్న మనిషి కదలికని, మనిషిని కాదు. కదలకుండా కూర్చుంటే ఎవరూ లేరనుకుని ఆర్పేస్తుంది. బాత్రూమ్‌లో మనం కదలకుండానే కూర్చుంటాం. చీకట్లో రెండు చేతులూ ఊపుతూ, ఛ.

సర్వర్‌గదిలోఉన్నా – సాయంత్రం 5:44

హహ, దానికి మిల్లీమీటర్ వేవ్ సెన్సర్ కావాలి, రాడార్ లాంటిది, ఊపిరి తీసే కదలికని కూడా పట్టేస్తుంది. కాకపోతే ఫ్యాన్ తిరిగినా, కర్టెన్ ఊగినా మనిషి ఉన్నాడనుకుంటుంది. 😅

మూడోఅంతస్తు – రాత్రి 8:16

ఎవరూ కెమెరాల గురించి మాట్లాడట్లేదేంటి? నాలుగు అన్నారు. ఎక్కడెక్కడ? ఇంటి బయట అయితే సరే. లోపల ఒక్కటి కూడా వద్దు. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. పెద్ద మాయేమీ చేయలేదు, కంపెనీ పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు 60 చిల్లర ఒక జాబితా రాసుకుని ఒక్కోటి వరసగా కొట్టి చూసింది. జనం మార్చుకోలేదు, తెరుచుకున్నాయి. అదే ఏడాది అక్టోబర్ 21న ఆ కెమెరాలనే ఆయుధంగా చేసి అమెరికాలో చాలా పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోకుండా చేశారు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదని చట్టమే వచ్చింది. అది బయటి దొంగల సంగతి. లోపలివాళ్ల సంగతి, కస్టమర్ల ఇళ్లలోని వీడియోలని ఉద్యోగులు చూశారని రింగ్ (అమెజాన్‌వాళ్ల డోర్‌బెల్ కెమెరాల కంపెనీ) మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కేసు పెడితే 2023లో 58 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది.

ఇంకో మాట, ఇది ఎవరూ అనరు. ఇంట్లో యాప్ ఎవరి ఫోన్‌లో ఉందో వాళ్లకి అన్నీ తెలుస్తాయి, తలుపు ఎన్నింటికి తెరుచుకుంది, ఎవరొచ్చారు, ఏ గదిలో లైటు ఎప్పటిదాకా వెలిగింది. నా పాత ఇంట్లో అది నా ఫోన్‌లో లేదు. అంతకన్నా చెప్పను. మేడమ్, అడ్మిన్ లాగిన్, అంటే అన్నీ చూసి మార్చగలిగే అధికారం, ఇద్దరికీ ఉండాలి, ఇద్దరికీ.

సర్వర్‌గదిలోఉన్నా – రాత్రి 9:02

దీనికి మాత్రం నా దగ్గర జోకు లేదు. మా ఇంట్లో అడ్మిన్ నేనొక్కణ్ణే, దురుద్దేశం లేదు, మా ఆవిడకి ఆసక్తి లేదు కదా అని. పోయినేడాది నేను తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నా. రెండో రోజు కరెంటు పోయి వచ్చాక చిన్న కంప్యూటర్‌లోని మెమరీ కార్డు పోయింది. స్విచ్‌లు చేత్తో పనిచేశాయి, ఆ మేరకు బతికిపోయాం. కానీ పెరట్లో మోటారు, రాత్రి లైట్లు, గేటు, అన్నీ నేను రాసిన ఆటోమేషన్ల మీదే ఉన్నాయి. గేటుకి చేత్తో తీసే మీట ఉందని ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు. సెలైన్ పెట్టుకుని పడుకుని ఫోన్‌లో వివరిస్తున్నా, నర్సు ఫోన్ లాక్కుంది. ఇప్పుడు మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది, ఏది ఎలా ఆపాలి, ఏది చేత్తో ఎలా తిప్పాలి, పాస్‌వర్డ్ ఏ డైరీలో ఉంది అని. ఇన్నేళ్లలో ఇంటికి నేను చేసిన పనుల్లో ఆవిడ మెచ్చుకున్నది ఆ కాగితాన్నే.

డెమోచూసినోడు – రాత్రి 9:40

నమస్తే. ఆ నేల మీద లేని ఆయన్ని నేనే. భోజనాల దగ్గర నా ముందు ఫోన్ పెట్టి చదవమంది. చదివాను. తాళం కథ దగ్గర కొంచెం దిగాను, ఆసుపత్రి కథ దగ్గర పూర్తిగా దిగాను. కానీ ఒకటి అడుగుతా, మ్యాటర్ అని కొత్తగా ఏదో వచ్చిందట కదా, అది ఉంటే ఏ కంపెనీదైనా ఏ యాప్‌తోనైనా కలుస్తుందని ఆయన చెప్పాడు. అప్పుడు ఒక కంపెనీ మూసేసినా మనకేం కాదు కదా?

పాతరేడియో – రాత్రి 10:03

బాబూ, మంచి ప్రశ్న. మ్యాటర్ మొదటి వెర్షన్ 2022 అక్టోబర్‌లో వచ్చింది. పెద్ద కంపెనీలన్నీ కలిసి చేసుకున్న ఒప్పందం అది, ఇంటి లోపలే, బయటి సర్వర్‌తో పని లేకుండా మాట్లాడుకునేట్టు రాశారు. దిశ మంచిదే. కాకపోతే ఆన్, ఆఫ్ లాంటి ముఖ్యమైనవి అన్నిచోట్లా పనిచేస్తాయి, ప్రతి కంపెనీ తన ప్రత్యేకమైన సోకులు తన యాప్‌లోనే దాచుకుంటుంది. కొనేటప్పుడు డబ్బా మీద ఆ గుర్తు ఉందా చూసుకోండి, దానితో పాటు ఇంకొక్క పరీక్ష చేయించండి. డెమో ఇచ్చినాయన్ని మళ్లీ పిలిచి, ఆయన షోరూమ్‌లో ఇంటర్నెట్ వైరు పీకించి, అప్పుడు లైట్లు వేయమనండి. నెస్ట్ తొలి రెండు తరాల థర్మోస్టాట్‌లకి (ఇంట్లో వేడి, చల్లదనం అదుపు చేసేవి) 2025 అక్టోబర్‌లో యాప్ ఆపేశారు, అయినా గోడ మీద చేత్తో తిప్పితే ఇప్పటికీ పనిచేస్తాయి. చచ్చినా ఆ మాత్రం పనికొచ్చేదే కొనాలి.

ఇటుకమీదఇటుక – సోమవారం, రాత్రి 8:25

ఇవాళ ఇద్దరం వెళ్లాం. ఇంటర్నెట్ తీసేసి చూపించండి అంటే ఆయన ముందు నవ్వాడు, తర్వాత రౌటర్ ఇంకో గదిలో ఉంది, తాళం లేదు అన్నాడు. మా ఆయనే లేచి పదండి అన్నారు.

మొత్తానికి తేల్చుకున్నది ఇది. అన్ని బాక్సులకీ న్యూట్రల్, లోతు బాక్సులు, ఖాళీ పైపులు, ఇవి వైర్లమనిషి గారు చెప్పినట్టే. స్విచ్‌లన్నీ మామూలువే. మాడ్యూళ్లు ఇప్పటికి మూడే మూడు చోట్ల, మెట్ల లైటు, హీటర్ (దానికి తగ్గ రేటింగ్‌ది), మామయ్యగారి గది. ఆయనకి మోకాళ్లు సరిగా లేవు, రాత్రి రెండుసార్లు లేస్తారు. కిటికీపక్కన గారూ, మీ పోస్టు చదివాకే ఆ గది గుర్తొచ్చింది, అంతవరకూ ఇద్దరం మా గది, హాలు గురించే కొట్టుకుంటున్నాం. నీళ్ల సెన్సర్లు రెండు. కెమెరా బయట ఒక్కటి. అడ్మిన్ ఇద్దరం.

కిటికీపక్కన గారూ, మీరు చెప్పిన ఆ పెద్ద బటన్ మంచానికి ఎంత ఎత్తులో పెట్టించుకున్నారు? రేపు గోడ మార్కింగ్ చేస్తున్నారు.

కిటికీపక్కన – సోమవారం, రాత్రి 8:51

కొలత నన్నడగకండి, మామయ్యగారిని మంచం మీద పడుకోబెట్టి, చీకట్లో కళ్లు మూసుకుని చెయ్యి చాపమనండి. చెయ్యి ఎక్కడ తగిలితే అక్కడ మార్కు పెట్టించండి. నాది మొదట గోడకి బిగించారు, తర్వాత మంచం జరిపాక అందలేదు, ఇప్పుడు మంచం పట్టెకే ఉంది. బ్యాటరీది దొరుకుతుంది, వైరు అక్కర్లేదు.